కరెంటు నాదస్వరం

మొన్న శనివారం పొద్దున ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తూ కూర్చుని ఉంటే తిరుపతి నుంచి మా మనవరాలు హారిణి ఫోన్ చేసింది. వెనక బస్సు హారను, ముగ్గురు నలుగురు ఒకేసారి మాట్లాడుతున్న గోల. “అమ్మమ్మా, ఆల్బం డ్రాపైంది. మేమంతా చిత్తూరుకు వస్తా ఉండాము, అన్నానికి ఆడికే” అని పెట్టేసింది. డ్రాపవడం అంటే నాకు తెలిసిన అర్థం ఒకటే. ఎన్నికల్లో పేరిచ్చి ఉపసంహరించుకున్నవాడు డ్రాపవుతాడు. తిరుమలకు నడిచి పోతానని బయలుదేరి, మోకాళ్లు నొప్పని సగం మెట్లలోనే వెనక్కి తిరిగినవాడు డ్రాపవుతాడు. కాబట్టి ఆ ఆల్బం ఇక రాదని అర్థం చేసుకున్నాను. ఆ పిల్లలకు ఎంత దుఃఖమో అనుకున్నాను గానీ, నిజం చెప్పాలంటే నా గుండెల మీద నుంచి రోలు దించినట్టయింది. మిరపకాయల చాట పక్కకు పెట్టి, చేతులు కడుక్కుని, శ్రీకాళహస్తిలో ఉన్న కమలకు ఫోన్ చేశాను. కమల మా చెంగల్రాయ మామ కూతురు. ఆల్బం డ్రాపైందట అని చెప్పగానే తను కూడా ఊపిరి వదిలింది. “పోనీలే వదినా, మంచిదే. నాయన బతికుండగా ఊరు నవ్విందే సాలు. ఇప్పుడు లోకమంతా నవ్వాల్నా?” అంది.

ఇది మొదటి నుంచి చెప్పాలి. హారిణి తిరుపతిలో చదువుతోంది. ఆమెకూ ఆమె స్నేహితులకూ ప్రాణం లాంటి సంగీతకారుడు ఒకడున్నాడు. మదనపల్లె దిక్కు అబ్బాయి. అసలు పేరు ఏదో నాకు తెలియదు, ‘తుమ్మెద’ అని పేరు పెట్టుకున్నాడు. పాడడు, ఊదడు, తీగ మీటడు. కంప్యూటరు ముందు కూర్చుని కరెంటుతో పాట కడతాడు. అతని ఆల్బం వస్తుందని హారిణి మొదటిసారి చెప్పినప్పుడు నేను ఫొటోల ఆల్బం అనుకుని “ఎవరి పెండ్లిదే?” అని అడిగాను. ఆ మాట చెప్పుకుని వాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. ఆ అబ్బాయి కొన్నేళ్లుగా ఏ పాటా విడుదల చేయలేదు. వీళ్లేమో ఎదురుచూస్తూనే ఉన్నారు. అతను ఒక చీకటి కిటికీ బొమ్మ పెడితే ఆ కిటికీ వెనక ఉన్నది కొండా మబ్బా అని రెండు రోజులు వాదించుకుంటారు. చిటికెంతసేపు ఒక చప్పుడు వినిపిస్తే అది వానా, వేయిస్తున్న చెనిక్కాయలా అని నాకు ఫోన్ చేసి అడుగుతారు. వస్తుందన్న తేదీని నేను గ్యాసు బుక్ చేసిన తేదీ పక్కన క్యాలెండరులో రాసుకున్నాను. అది వాయిదా పడింది. కొట్టేసి కొత్తది రాసుకున్నాను. అదీ పోయింది. చెప్పిన తేదీకి రానివాణ్ణి నేను నమ్మను అంటే, “అమ్మమ్మా, ఆయప్ప గ్యాసు సిలిండరు కాదు” అంది హారిణి.

నేను ఆ తేదీ రాసుకున్నది వాళ్ల కోసం కాదు, నా భయం కొద్దీ. కిందటి ఏడు ఈ తుమ్మెద, తన పాటలు వినేవాళ్లను వాళ్ల ఇళ్లలోని పాత చప్పుళ్లు పంపమని అడిగాడు. హారిణి మా అటక మీది ట్రంకుపెట్టెలో ఒక కేసెట్ పట్టుకుంది. అది చెంగల్రాయ మామ వాయించిన కేసెట్. ఆయన పోయాక సామాన్లు సర్దుతూ కమల నాకిచ్చింది. నాయన వాయించింది వినే ధైర్యం తనకు లేదంది. నాకూ లేకపోయింది, పెట్టెలో వేసి తాళం వేశాను. హారిణి అడిగినప్పుడు కమలను కూడా అడిగి, “నవ్వులాటకు మటుకు పెట్టకూడదు, అది ఆ అబ్బాయికి చెప్పు” అని ఇచ్చాను. హారిణి స్నేహితుడు సాదిక్ దాన్ని ఎండబెట్టి, తుడిచి, కంప్యూటరులోకి ఎక్కించి పంపాడు. నాకు వినిపిస్తానంటే వద్దన్నాను. తుమ్మెద నుంచి ఒకే మాట వచ్చింది, వాడుకుంటున్నానని. ఎట్లా వాడుకుంటాడో చెప్పలేదు. అప్పటి నుంచి వాళ్లు ఆశతో ఎదురుచూశారు, నేనూ కమలా భయంతో ఎదురుచూశాం.

ఆ భయానికి మూలం చాలా వెనక ఉంది. మా ఊరు కార్వేటినగరం. పై చదువుకని నన్ను చిత్తూరులో అవ్వ దగ్గర పెట్టారు. అవ్వ అంటే అమ్మకు అమ్మ. ఆ ఇంట్లో అవ్వ, అమ్మకు తమ్ముడైన చెంగల్రాయ మామ, నేను. మామకు అప్పటికింకా పెళ్లి కాలేదు. వీధి మొదట్లో బెల్లం మండీలు, వీధి చివర పిండి మిషను. కొత్తబెల్లం దిగే కాలంలో ఆ తీపి వాసన గోడలకు, దుప్పట్లకు, నా పుస్తకాలకు కూడా పట్టేది. దిమ్మెల చుట్టూ ఈగలూ తుమ్మెదలూ ఝుమ్మని తిరుగుతుంటే, ఆ చప్పుడు పగలంతా వీధిలో పరుచుకుని ఉండేది. మధ్యాహ్నానికి మిషను నుంచి వేడి రాగిపిండి వాసన వచ్చి దాన్ని కమ్మేసేది. ఈ రెండూ కాక మా ఇంటికి మాత్రమే ఉన్న వాసన ఇంకొకటి, మామ టంకం వేసేటప్పుడు లేచే గుగ్గిలం పొగ. మామ రేడియోలు బాగుచేసే అంగట్లో పని చేసి, సాయంత్రం ఇంటికొచ్చి మళ్లీ అదే పని చేసేవాడు. పొగ లేచినప్పుడల్లా అవ్వ వంటింట్లోంచి “ఈ పొద్దు ఏ సామికిరా దూపం?” అని అడిగేది.

అవ్వ పొద్దున లేస్తూనే నశ్యం పీల్చి, పెద్దగా తుమ్మి, ఆ తుమ్ముతో నన్ను లేపేది. కరెంటును నమ్మేది కాదు. దీపం వేయాలంటే సంగటి గెలికే కట్టె తెచ్చి, దూరంగా నిలబడి, దాని కొనతో స్విచ్చిని నొక్కేది. మా గోడ మీద స్విచ్చి చుట్టూ ఎప్పుడూ రాగిసంగటి మరకలే. “ముట్టుకుంటే సంపేదాన్ని ఇంట్లో పెట్టుకోనుండాము” అనేది. అట్లాంటి ఇంట్లో మామ కరెంటుతో నాదస్వరం చేశాడు. నాదస్వరం నేర్చుకోవాలని ఆయనకు చిన్నప్పటి నుంచి ఆశ, ఉబ్బసం ఊదనీయలేదు. మద్రాసులో ఎవరి దగ్గరో కరెంటుతో పాడే పెట్టెను చూసి వచ్చి, “నా ఊపిరి సాలదు గానీ అక్కూతురా, కరెంటుకు ఊపిరి కొదవా?” అన్నాడు నాతో. టీపొడి వచ్చిన చెక్కపెట్టె ఒకటి, పాత హార్మోనియం మెట్లు, చచ్చిపోయిన రేడియోల్లోంచి తీసిన సామాను. లోపల చిన్న చిన్న గాజు బుడ్లు ఎర్రగా వెలిగేవి. దాన్నుంచి వచ్చే స్వరం నాదస్వరమే అనిపించేది, కానీ ముక్కుతో పాడే నాదస్వరం. ప్రతి స్వరం కింద సన్నగా ఒక ఝుమ్మనే హోరు ఉండేది. ఎంత తంటాలుపడ్డా ఆ హోరు పోలేదు. వీధివాళ్లు దానికి కరెంటు నాదస్వరం అని, ఆయనకు కరెంటు చెంగల్రాయుడు అని పేరు పెట్టారు.

ప్రతి ఏడూ గంగజాతరకు మామ ఒక కొత్త వరస కట్టేవాడు. ఈ రోజు హారిణి వాళ్లు పడుతున్న ఆరాటమంతా నాకు వింతగా లేకపోవడానికి కారణం అదే, మేమూ పడ్డాం. జాతరకు చాటింపు వేయకముందు నుంచే వీధి పిల్లలంతా ఏదో ఒక వంక పెట్టుకుని మా కిటికీ ముందు తిరిగేవాళ్లు. ఉప్పు కావాలని ఒకరు, తోడుకు మజ్జిగ కావాలని ఒకరు. లోపల్నుంచి రెండు స్వరాలు వినబడితే చాలు, ఈసారి వరస రైలు పోకడగా ఉంటుందని ఒకతె, కాదు కోలాటం నడకని ఇంకొకతె జుట్లు పట్టుకునేంతగా వాదించుకునేవాళ్లు. ఇంట్లోనే ఉన్నదాన్ని కాబట్టి నాకు అంతా తెలుసని అందరూ నన్ను బతిమాలేవాళ్లు. నాకేమీ తెలిసేది కాదు. “అయిందా మామా?” అంటే “ఇంకా ఉడకలేదు మే” అనేవాడు. “ఇంకా ఉడకలేదంట” అని నేను వీధిలోకి వచ్చి చెప్పేదాన్ని. ఆ కబురు బెల్లం మండీల దాకా పోయేది.

ఆ నాదస్వరానికి ఒక జబ్బు ఉండేది. వోల్టేజి పడిపోతే శ్రుతి కూడా పడిపోయేది. పిండి మిషను మోటారు వేయగానే మా ఇంట్లో దీపం ఎర్రబడేది, మామ వాయించే రాగం బావిలోకి దిగే చేదలా కిందికి జారేది. అందుకే ఆయన మధ్యాహ్నం అంగడి నుంచి ఇంటికొచ్చి, మిషనువాడు అన్నానికి పోయే వేళ చూసుకుని వాయించేవాడు. ఇంట్లో అదంతా మాకు అలవాటే. ఊరికి తెలియదు. ఒక ఏడు జాతరలో, వేపమండల పందిరి కింద, నిజమైన మేళం పక్కనే మామకూ చోటిచ్చారు. ఆ ఏడు వరస చాలా గొప్పగా కుదిరింది. ఎత్తుకోగానే అంబలి తాగుతున్నవాళ్లు చెంబులు దించి చూశారు. మా వీధి పిల్లలం ముందు వరసలో నిలబడి, మేమే కట్టినంత గర్వంగా చుట్టూ చూస్తున్నాం. పొద్దు కుంకింది. ఎవరో పందిరి చుట్టూ కట్టిన రంగు దీపాలన్నీ ఒక్కసారిగా వేశారు. మామ చేతుల కింద రాగం వంగిపోయింది. పైనున్న స్వరం మెల్లగా, మూలుగుతున్నట్టుగా, కిందికి కిందికి దిగింది. జనం ఒక క్షణం ఏమిటో తెలియక చూశారు. తర్వాత వెనక నుంచి ఒకాయన “ఏమప్పా చెంగల్రాయా, ఉబ్బసం నీకే అనుకుంటి, నీ పెట్టికీ అంటించినావా?” అన్నాడు. పందిరంతా నవ్వింది. మేళంవాళ్లు నవ్వలేదు గానీ తల దించుకున్నారు, అది ఇంకా బాధగా తోచింది. మామ కూడా నవ్వినట్టు ముఖం పెట్టి, వంగి, కరెంటు తీగ పీకేశాడు.

ఆ తర్వాత ఆయన బయట వాయించలేదు. పెట్టె మీద అవ్వ పాతచీర కప్పింది. పిల్లలు ఉప్పు కోసం రావడం మానేశారు. ఉడికిందా అని నేనూ అడగలేదు, అడిగితే ఏం చెప్తాడోనని భయం. ఇంట్లో అవ్వ తుమ్మూ గుగ్గిలం పొగా అన్నీ మునుపటిలాగే ఉండేవి, ఆ హోరు మాత్రం లేదు. నాకు ఆ ఇల్లు చెవుడు వచ్చినట్టుగా ఉండేది.

ఇక కేసెట్ సంగతి. ఆ కేసెట్ మీద తేదీ లేదు. అన్నిటికీ తేదీ వేసుకునే నాకు అదొక ముల్లు. అయినా లెక్క కట్టి తేల్చుకోగలను. మామిడికాయల బండి వీధిలోకి వచ్చే కాలం, కాబట్టి ఎండాకాలం. మిషనుకు సెలవు శుక్రవారం, కాబట్టి శుక్రవారం కాదు. కువైట్‌లో పనిచేసే ఎదురింటాయన టేపు రికార్డరు తెచ్చిన ఏడు. ఆయన తిరిగి పోయే ముందు అవ్వ వెళ్లి దాన్ని ఒక పూటకు అడిగి తెచ్చింది. కరెంటును కట్టెతో ముట్టుకునే మనిషి ఆ టేపు రికార్డరును చంటిబిడ్డలా ఎత్తుకుని వచ్చింది. “ఆ జాతర వరస ఒకపారి వాయించరా. మిషనోడు అన్నానికి పోయినాడు, సూసొచ్చినా” అంది. మామ ఆ టేపు రికార్డరును అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత లేచి పెట్టె మీది చీర తీశాడు.

సగం దాకా బాగానే సాగింది. ఆ రోజు మిషనువాడు అన్నం తొందరగా ముగించాడో ఏమో, మోటారు వేశాడు. దీపం ఎర్రబడింది, రాగం జారడం మొదలైంది. “పాయె, పడిపాయె” అంది అవ్వ. నేను లేచి పెరట్లోకి వెళ్లిపోయాను. జాతరలో మామ పెట్టిన ఆ నవ్వుముఖం రెండోసారి చూడలేననిపించింది. ఏమీ వినబడకుండా ఉండాలని గిలక కిర్రుకిర్రుమనేలా బావిలోంచి నీళ్లు తోడి తొట్టిలో పోస్తూనే ఉన్నాను. లోపలికి వచ్చేసరికి పెట్టె మీద మళ్లీ చీర కప్పి ఉంది. ఏమైందని నేను అడగలేదు, మామ చెయ్యి కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. కాబట్టి నా జ్ఞాపకంలో ఆ కేసెట్ “పాయె, పడిపాయె” దగ్గర ముగిసిపోతుంది. ఈ తుమ్మెద అక్కడే దాన్ని ఆపి ఊరందరికీ వినిపిస్తాడని, వినేవాళ్లు పందిట్లో నవ్వినట్టే నవ్వుతారని నా భయం.

మొన్న శనివారానికి వస్తాను. ఆల్బం పోయిందని ఏడుస్తూ వచ్చే పిల్లలకు ఆకలి ఇంకా ఎక్కువగా ఉంటుందని సంగటి గెలికి, అందులోకి చెనిక్కాయల ఊరిబిండి నూరి పెట్టాను. మధ్యాహ్నానికి హారిణి, సాదిక్, ఇంకో ఇద్దరు ఆడపిల్లలు దిగారు. ముఖాలు చూస్తే పెళ్లివారిలా వెలిగిపోతున్నాయి. దుఃఖం దాచుకుంటున్నారేమో అనుకుని “పోనీలేండి నాయనా, ఇంకోడు కడతాడు పాటలు” అన్నాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“ఎవరు కట్టేది అవ్వా? వచ్చేసింది గదా, పొద్దునే” అన్నాడు సాదిక్.

“డ్రాపైందంటివి గదే” అన్నాను హారిణితో.

“డ్రాపైందంటే వచ్చిందని అమ్మమ్మా.”

“డ్రాపంటే పడటం కదా?”

“అవునవ్వా, పడిందనే” అన్నాడు సాదిక్. “టాకీసులో కొత్త సినిమా పడింది అంటారు గదా మీరు, అట్ల.”

ఆ పిల్లవాడు చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు. మేము సినిమా పడింది అనేవాళ్లం, రేడియోలో పాట పడింది అనేవాళ్లం. నా భాషలోని మాటనే నాకు తిప్పి చెప్పాల్సి వచ్చింది. గడప మీద కూర్చున్నాను. పొద్దున దిగిన రోలు మళ్లీ గుండెల మీదికెక్కింది. “విన్నారా?” అన్నాను. వినలేదట. కొన్నేళ్లుగా ఎదురుచూసిన పిల్లలు, పొద్దున చేతిలో పడిన దాన్ని వినకుండా బస్సెక్కి వచ్చారు. “మీ ఇంటి పాట అవ్వా, మీ ముందర వినాల్నని” అంది ఆ ఆడపిల్లల్లో ఒకతె. మొదట అన్నం తినండి అన్నాను. మారు వడ్డించాను, మజ్జిగ పోశాను, ఆకులు నేనే తీశాను. ఇంకా వాయిదా వేయడానికి నా దగ్గర పని మిగల్లేదు.

సాదిక్ సంచిలోంచి చిన్న స్పీకరు తీసి, ఎండుమిరపకాయల చాట పక్కన పెట్టాడు. మొదట ఏమీ లేదు, ఒక హోరు మాత్రం ఉంది. ఝుమ్మని, సన్నగా. నాకు వెంటనే బెల్లం వాసన వచ్చింది. మామ అంత తంటాలుపడి పోగొట్టాలనుకున్న హోరును ఈ అబ్బాయి ఏరి తెచ్చి ముందు కూర్చోబెట్టాడు. దాని మీద మామ ఎత్తుకున్నాడు. ముక్కుతో పాడే ఆ నాదస్వరం, ఆ వరసే. మధ్యలో తుమ్మెద తనవేవో చప్పుళ్లు దూరదూరంగా, అడుగు తడిమి వేసే మనిషిలా, వేస్తూ వచ్చాడు. పాట పైకి పోయింది. అక్కడి నుంచి జారడం మొదలుపెట్టింది. నేను కొంగు పిడికిట్లో పట్టుకున్నాను. దిగింది, ఇంకా దిగింది, అన్ని చప్పుళ్లూ ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో మా అవ్వ మాట్లాడింది. “పాయె, పడిపాయె.”

నేను పిల్లల ముఖాల వంక చూశాను. ఒక్కరూ నవ్వలేదు. అప్పుడు, నేను ఎన్నడూ వినని మాట వినిపించింది. మామ గొంతు, కొంచెం ఆయాసంతో, మామూలుగా, అన్నం పెట్టమన్నంత మామూలుగా. “పడనీలేమ్మా. పడినకాడి నుంచే ఎత్తుకుంటా.”

ఎత్తుకున్నాడు. ఆ పడిపోయిన శ్రుతిలోనే, అదే వరస, కింది నుంచి, ముందుకంటే నింపాదిగా. దాని వెనక ఏదో కిర్రుమంది. మళ్లీ కిర్రుమంది. తుమ్మెద దాన్నే తాళంగా పట్టుకుని, ఒక్కసారిగా నేలలోంచి వచ్చినట్టు పెద్ద దరువు దించాడు. చాటలో మిరపకాయలు అదిరాయి. పిల్లలు నలుగురూ ఒకేసారి కళ్లు మూసుకుని తలలూపారు. “ఇట్ల దరువు పడేదాన్ని కూడా డ్రాపే అంటారు అమ్మమ్మా. ఈ పాటల్లో అంతా దీనికోసరమే కాసుకోనుంటారు” అంది హారిణి నా చెవిలో. నేను ఆ కిర్రుమనే చప్పుడే వింటున్నాను. అది మా పెరటి గిలక. పాట వినకూడదని నేను నీళ్లు తోడుతున్న చప్పుడు.

పాట అయిపోయాక, “మామ మళ్లీ ఎత్తుకున్నట్టు మీకు తెలుసా?” అని అడిగాను. “కేసెట్లోనే ఉండాది గదవ్వా, మీరు విన్నారనుకున్నాము” అన్నాడు సాదిక్. ఇంతకాలం నేను నీళ్లు తోడి, బావి చుట్టూ తిరిగి, ఆయన ఆగిపోయాడని ఖాయం చేసుకున్నాను. ఆయనేమో ఆ రోజే ఎత్తుకుని ముగించి, చీర కప్పి, చెయ్యి కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. ఇప్పుడు ఆ మిషను లేదు, దీపాలు ఎర్రబడవు, శ్రుతి పడాలంటే ఈ పిల్లలు పని కట్టుకుని పడేయాలి. మాకు సిగ్గుగా ఉన్నదాని కోసం వీళ్లు ఏళ్లకేళ్లు కాచుకుని ఉంటారు. ఆ జాతర పందిట్లో జనం ఇంకొంచెం ఓపిక పట్టి ఉంటే, మామ తీగ పీకకుండా ఉంటే, అక్కడే ఎత్తుకునేవాడేమో. అది ఏ లెక్కతోనూ తేలదు. తేలకపోయినా ఈసారి నాకు బాధగా లేదు.

మళ్లీ పెట్టమన్నాను. వాళ్లు మళ్లీ పెట్టారు. గిలక కిర్రుమన్నప్పుడు అది నేనేనని చెప్పాను. ఆ ఆడపిల్లలిద్దరూ నా చేతులు పట్టుకుని చూశారు, వాటిలో ఏదో దాగి ఉన్నట్టు. తర్వాత నేను ఫోన్ తీసి కమలకు కలిపాను.

“కమలా, ఆల్బం డ్రాపైంది” అన్నాను.

“పొద్దునే చెప్తివి గదా వదినా. పాపం ఆ పిల్లోళ్లు.”

“పాపం లేదు, ఏం లేదు. పడింది. మీ నాయన పాట పడిందమ్మే. ఉండు, వినిపిస్తా” అని ఫోను స్పీకరు పక్కన పెట్టాను.